ఖర్చు లేని కాపలా

ఒక నీటిపిల్లిని ఏడాదిపాటు బతికించడానికి ఎంతవుతుందో మీకు తెలుసా? నాకు తెలుసు. తెలుసుకోవడమే నా ఉద్యోగం. జనం జాలిపడి ఇచ్చే చందాలు పులులకీ, తాబేళ్ళకీ, పక్షులకీ నిజంగా చేరుతున్నాయా, లేక సన్మానాలకీ సమోసాలకీ ఖర్చయిపోతున్నాయా అని చూసే సంస్థలో నేను పరిశీలకురాలిని. వెళతాను, లెక్కలు చూస్తాను, పని చూస్తాను, చివరికి ఒకటి నుంచి అయిదు దాకా చుక్కలు పెడతాను. పెద్ద పెద్ద దాతలు ఆ చుక్కలు చూసే చెక్కు రాస్తారు.

సుభాషిణి అని మావాళ్ళు పేరు పెట్టారు గానీ, నా నోటి దురుసుకి ఆ పేరు నప్పదని ఆఫీసులో అందరూ అంటారు. అననివ్వండి. చారాణా కోడికి బారాణా మసాలా రకం సంస్థల్ని ఎన్నిటిని చూశానో! ఒకచోట ఒక గద్ద రెక్కకి కట్టు కట్టారు. ఆ ఫొటోకి ఫ్రేము కట్టించడానికి గద్దకయినదానికి పదింతలు పెట్టారు. అలాంటివాళ్ళని దులిపేయడంలో నాకో తృప్తి ఉంది, దాచుకోను.

అన్నేళ్ళు లెక్కలు చూసి నేను నేర్చుకున్న నీతి ఒకటే. ఖర్చు లేకుండా పని జరిగిందంటే, ఆ ఖర్చు ఇంకెవరో పెట్టుకుంటున్నారని అర్థం.

అందుకే మడవనం ట్రస్టు కాగితాలు నా బల్ల మీదికి వచ్చినప్పుడు నా కనుబొమ్మలు పైకి లేచాయి. కాకినాడకి దక్షిణాన గోదావరి పాయలు సముద్రంలో కలిసేచోట మడ అడవి ఉంది. అందులో చేపలు పట్టుకు తినే నీటిపిల్లులు. వాటిని కాపాడటానికి పూర్వం ఆ ట్రస్టు చేతికి ఎముక లేకుండా ఖర్చు చేసేది. కాపలావాళ్ళ జీతాలు, పడవలు, డీజిలు, పీతల కోసం అడవిలోకి వెళ్ళే జనంతో తగాదాలు, కోర్టులు. ఇప్పుడు కాపలావాళ్ళు లేరు, పడవలు అమ్మేశారు. అయినా అడవిలోకి ఒక్క మనిషి అడుగుపెట్టడం లేదు. పిల్లులు మూడింతలయ్యాయి. అడవిలో పెట్టిన కెమెరాల బొమ్మలు నేను స్వయంగా సరిచూశాను, అబద్ధం లేదు.

"మంచివాళ్ళు కూడా ఉంటారే బాబూ లోకంలో. ఒకసారైనా నమ్మి చూడు," అన్నాడు మా ఆయన జగదీశ్, ఆ రాత్రి అన్నాల దగ్గర. అతను పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతాడు, స్వతహాగా అందర్నీ నమ్ముతాడు.

"నమ్మడానికి నాకు జీతం ఇవ్వరు," అన్నాను.

మా విరజ నా ఒళ్ళోనే నిద్రపోతోంది. నాలుగేళ్ళు నిండినా దానికి నా వాసన లేందే నిద్ర పట్టదు. నేను క్యాంపుకి వెళితే నేను కట్టి విడిచిన వెంకటగిరి చీర, వంగపండు రంగుది, మొహానికి చుట్టుకుని పడుకుంటుంది. ఉతికిన చీర ఇస్తే ముక్కుతో చూసి విసిరికొడుతుంది. "ఇది అమ్మ కాదు," అంటుంది. ఆ రాత్రి కూడా ఆ చీర విడిచి దాని దిండు పక్కన పెట్టి, తెల్లారి బయల్దేరాను.

* * *

ట్రస్టు ఆఫీసు అడవి అంచున, పాయ ఒడ్డున ఉంది. దాన్ని నడిపే డాక్టర్ అచ్యుతరామయ్య గారు పేరున్న రసాయన శాస్త్రవేత్త. పలచటి మనిషి, మెత్తటి మాట. పొడవాటి బల్లకి ఆ చివర తను కూర్చుని, ఈ చివర నన్ను కూర్చోమన్నారు. టీ కప్పు తెచ్చి గుమ్మం దగ్గర స్టూలు మీద పెట్టి, తను వెనక్కి వెళ్ళాకే నన్ను తీసుకోమన్నారు. ఏదో మడీ ఆచారం పట్టిన మనిషి కాబోలు, ఈ రోజుల్లో కూడానా అని లోపల పళ్ళు నూరుకున్నాను.

"కాపలా ఎవరు కాస్తున్నారండీ?" అన్నాను సూటిగా.

"భయం," అన్నారాయన. "పుణ్యానికి దొరికే కాపలాదారు అదొక్కటేనమ్మా."

కథ చెప్పమన్నాను. కొన్నేళ్ళ కిందట పెద్ద తుపానులో వేటకి వెళ్ళిన పడవలు నడిసముద్రంలో చిక్కుకున్నాయి. బతికి ఒడ్డుకి చేరిన వాళ్ళకి ఈయన కొత్త బట్టలిచ్చి, వాళ్ళ చొక్కాలు అడిగి తీసుకున్నారు. ప్రాణభయంతో పట్టే చెమటకి ఒక వాసన ఉంటుందట. ముక్కుకి తెలియదు గానీ ఒంటికి తెలుస్తుంది. ఆ చొక్కాల్లోంచి దాన్ని విడదీసి, చిక్కబరిచి, చిన్న చిన్న మట్టి ముంతల్లో పోసి అడవి చుట్టూ చెట్లకి కట్టించారు. మనిషి చెమట కాబట్టి మనుషులే బెదురుతారు, జంతువులకి పట్టదు.

"చూపిస్తారా?" అన్నాను.

ముక్కులో పెట్టుకునే రెండు తెల్లటి బిళ్ళలు బల్ల మీదుగా జార్చారు. అవి పెట్టుకుంటే ఆ వాసన లోపలికి రాదట. ఇద్దరం రేవు దాకా నడిచాం. మొదటి మడచెట్టుకి నల్లటి ముంత వేలాడుతోంది. అంతవరకు నాకు దూరంగా నడుస్తున్న మనిషి అప్పుడే వచ్చి నా పక్కన నిలబడి, "ఒక్క బిళ్ళ, ఒక్క క్షణం తియ్యండి," అన్నారు.

తీశాను.

ఏం చెప్పమంటారు? ఎండ అలాగే ఉంది. కొంగ ఒకటి బురదలో తాపీగా నడుస్తోంది. నాకు మాత్రం ప్రాణం మీదికి వచ్చినట్టయింది. నా వెనకాల ఎవరో ఉన్నారు, ఇప్పుడే నన్ను చంపేస్తారు. ఎవరూ లేరని తెలిసినా తిరిగి చూసే ధైర్యం లేదు. చిన్నప్పుడు నూతిలో పడబోతుంటే మా అమ్మ జడ పట్టుకుని లాగిందే, ఆ పడబోయిన క్షణం అలాగే ఆగిపోయినట్టుంది. బిళ్ళ మళ్ళీ పెట్టుకునేసరికి నా జాకెట్టు తడిసిపోయింది.

"అమ్మ బాబోయ్!" అన్నాను. ఆయన అప్పటికే దూరంగా జరిగిపోయారు.

నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన అయిదు చుక్కలూ పెట్టేద్దామనిపించింది. తుపాకీ లేదు, లాఠీ లేదు, నాలుగు ముంతలు! మా ఫారంలో ఏ గడి చూసినా ఆ ట్రస్టుకి నూటికి నూరే.

"మీ ఫలితం వస్తే దాతల సభ పెడతారు. దేశంలో ఇంకా ఎన్నో అడవులున్నాయి, అన్నిటి చుట్టూ ఇదే కాపలా," అన్నారాయన. ఆ గొంతులో ఆశ చూస్తే జాలేసింది.

"అడవి పక్కన ఊరుంది కదండీ. వాళ్ళని కూడా చూసి వస్తాను," అన్నాను.

ఆయన నా ముక్కు వంక చూశారు. "బిళ్ళలు మాత్రం తియ్యకండి," అన్నారు.

* * *

చినపాయలంక వేటగాళ్ళ ఊరు. కరకట్ట మీద కారాపి దిగగానే నాకు ఏదో తేడాగా అనిపించింది. ఊళ్ళో మనుషులున్నారు, కానీ ఏ ఇద్దరూ ఒకచోట లేరు. ఒక ఆవిడ చేపలు ఎండబెడుతూ అటు కట్ట మీదున్న మరో ఆవిడతో అరిచి మాట్లాడుతోంది. ఒక ముసలాయన గోడ మీద పెట్టిన కంచం, పెట్టినవాళ్ళు లోపలికి వెళ్ళాక వచ్చి తీసుకున్నాడు. పిల్లలు ఆడుకుంటున్నారు, ఒక్కొక్కరు ఒక్కో మూల, ఎవరి బొంగరం వాళ్ళదే. ఒడ్డున అలివి వల కుప్పగా పడి ఉంది. ఊరంతా రెండు వరసల్లో భుజం భుజం రాసుకుంటూ లాగితే గానీ ఒడ్డుకి రాని పెద్ద వల అది. దానిమీద గడ్డి మొలిచి తీగలు పాకాయి.

బోర్లించిన నావ మీద కూర్చున్న పెద్దాయన చెయ్యెత్తి నన్ను ఆపాడు. "ఆడే ఆగండమ్మా. ఇంకా దగ్గరికి రాకండి, మీకే మంచిది కాదు."

ఆయన పేరు ఓలేటి ధర్మారావు, ఊరికి పెద్ద. నా ముక్కులో బిళ్ళలున్నాయని చెప్పి దగ్గరికే వెళ్ళాను. ఆయనే జరిగి కూర్చున్నాడు.

"ఊళ్ళో తగాదాలేమన్నా ఉన్నాయా బాబాయ్? ఒకరికొకరు ఇంత దూరంగా ఉన్నారు?"

"తగాదా అయితే బాగుండును, తీర్చుకుందుం," అన్నాడాయన. "బయ్యమమ్మా. ఆళ్ళని సూత్తే నాకు బయ్యం, నన్ను సూత్తే ఆళ్ళకి బయ్యం. మా ముసల్ది సచ్చిపోతా సెయ్యి పట్టుకోమంది. పట్టుకోలేకపోయాను." ఆయన కళ్ళు తుడుచుకోలేదు. నీళ్ళు అలాగే కారనిచ్చాడు.

ఎలా జరిగిందని అడిగాను. ఆయన చెప్పింది ఇదీ.

ముంతలు కట్టాక వాళ్ళ పీతల వేట పడిపోయింది. అడవి దగ్గరికి వెళితే చాలు కాళ్ళు వణుకుతాయి. నలుగురూ కూర్చుని ఆలోచించారు. వాళ్ళు ఎండుచేపల మీద బతికేవాళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ కంపుకి ముక్కు మూసుకుంటారు, వీళ్ళకి కంపే తెలియదు. పసితనం నుంచీ అందులోనే ఉంటే ముక్కు అలవాటు పడిపోతుంది.

"ఇదీ అంతే కదా అనుకున్నామండి," అన్నాడు ధర్మారావు. "కూడా ఎట్టుకుంటే అలవాటైపోద్ది, అప్పుడు మళ్ళీ ఏటకెల్లొచ్చని. నలుగురు కుర్రోళ్ళు కళ్ళు మూసుకెల్లి అడవిలో ముంతలు ఇప్పుకొచ్చారు. ఇంటికొకటి సూరుకి కట్టుకున్నాం. మొదట్లో గజగజలాడిపోయేవోళ్ళం. ఓర్సుకోండర్రా, కొత్త కోడలికి కూడా మన కంపు అలవాటవ్వడానికి నెల పడద్ది అని నేనే సెప్పాను. ఆడోళ్ళు ఉయ్యాల పక్కన కూడా కట్టారండి, పిల్లోడు పుట్టుకతోనే ఏటగాడవుతాడని."

"అలవాటైందా?"

"మాకు కాలేదండి. మా ఒంటికే అలవాటైపోయింది. ముంతలు తీసి ఏట్లో పారేశాం, అయినా పోలేదు. ఇప్పుడది మా సెమటలోంచే వత్తంది." అడవి వైపు చెయ్యి చూపించాడు. "తుపాను తరవాత సొక్కాలు అడిగి అట్టుకెల్లారు సూడండి, అందులో గళ్ళ సొక్కా నాదేనండి. కొత్త సొక్కా ఇచ్చాడు కదా, దరమాత్ముడు అనుకున్నాను."

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు. పాపం, ఇక్కడ పిల్లికి ఏమీ తెలియదు.

అప్పుడే ఎక్కడో పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ధర్మారావు కోడలు నూకరత్నం వాకిట్లో ఈ చివర కూర్చుని ఒక తాడు లాగుతోంది. అది వలకి వాడే తాడు. అది వాకిలంతా దాటి, గుమ్మం దాటి, లోపల దూలానికి కట్టిన ఉయ్యాల దాకా వెళ్ళింది. తల్లి ఇక్కడి నుంచి లాగుతుంటే బిడ్డ అక్కడ ఊగుతున్నాడు.

"పాలు ఎలా ఇస్తావమ్మా?" అన్నాను.

"కళ్ళు మూసుకుని ఇత్తానండి," అంది తల వంచుకుని. "ఆణ్ణి ఎత్తుకుంటే నాకు ఒణుకు. నన్ను సూత్తే ఆడికి గుక్క. ఏడిసి ఏడిసి అలిసిపోయి తాగుతాడు. నా కొడుకు నన్ను సూసి ఒక్కసారి నవ్వలేదండి."

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు. నాకు ఉంది. అచ్యుతరామయ్య గారు తియ్యొద్దన్న మాట గుర్తుంది కూడా. నా ముక్కులోంచి బిళ్ళలు తీసి, నా సీసాలో నీళ్ళతో కడిగి, ఆ అమ్మాయి చేతికిచ్చాను.

వెంటనే ఆ ఊరంతా నా మీదికి విరుచుకుపడ్డట్టయింది. రేవులో చూసింది దీని ముందు దిగదుడుపు. కారు దాకా పరిగెత్తాలని ప్రాణం కొట్టుకుపోయింది. నావ అంచు రెండు చేతులా పట్టుకుని కూర్చుండిపోయాను. నూకరత్నం లోపలికి వెళ్ళింది, బిడ్డని ఎత్తుకుంది. వాడు గుక్కపట్టి ఏడుస్తూనే ఉన్నాడు. ఆమె మాత్రం మొదటిసారి కళ్ళు తెరిచి చూసుకుంటోంది. "అయ్యో నా తండ్రీ, నీకు కుడిబుగ్గన సొట్ట పడద్దిరా! నాకు తెలీనే లేదురా!" అని ఏడుస్తూ ముద్దులు పెట్టుకుంది. వాడు అలిసిపోయి ఆమె భుజం మీదే నిద్రపోయాడు.

తీరా చూస్తే నావకి అటువైపు, దూరదూరంగా, ఊళ్ళో తల్లులందరూ నిలబడి ఉన్నారు. బిళ్ళల వంక చూస్తున్నారు. "తరవాత నేనండి," అంది ఒక్కతి చివరికి.

అందరికీ వంతు రావద్దూ? మర్నాడూ వెళ్ళాను, ఆ మర్నాడూ వెళ్ళాను. ట్రస్టువాళ్ళని ఇంకొన్ని బిళ్ళలు అడిగితే, చేయించాలి, ఇప్పుడు లేవన్నారు. ఆ వారమంతా ఆ ఊళ్ళోనే పగలు గడిపాను, ఆ భయంలో, పళ్ళు బిగించుకుని. బిళ్ళలు ఒక తల్లి నుంచి ఇంకో తల్లికి వెళుతున్నాయి. నాకేమవుతుంది, ఇంటికెళితే తగ్గిపోతుంది అనుకున్నాను.

* * *

చివరి రోజు నా పద్ధతి ప్రకారం ఆస్తుల తనిఖీ. ముంతలు ఆస్తే కదా. ఊరి బిళ్ళలు ఊళ్ళోనే వదిలేసి, ఒట్టి ముక్కుతో రేవులో మొదటి చెట్టు దగ్గరికి వెళ్ళాను. భయం వేస్తోంది గానీ వారం రోజులుగా వేస్తూనే ఉంది. ముంత విప్పి చూశాను. లోపల కందిరీగ గూడు కట్టుకుంది. గూడు కూడా పాతదే, రాలిపోతోంది. రెండో చెట్టు ముంతలో ఎండిపోయిన వానాకాలపు మట్టి. దాని తరవాతదీ అంతే. ఎక్కడా చుక్క మందు లేదు.

మరి మొదటిరోజు నేను ఇక్కడ భయపడింది దేన్ని చూసి? ఆ ప్రశ్న వేసుకోగానే జవాబు తెలిసిపోయింది. ఆ క్షణంలో నా పక్కకి వచ్చి నిలబడింది ఎవరు?

నేరుగా ఆఫీసులోకి వెళ్ళి ముంతని బల్ల మీద పెట్టాను. "ఇది ఎప్పుడో ఎండిపోయింది. మీరు నింపించడం మానేశారు. ఆ రోజు నేను భయపడింది మిమ్మల్ని చూసి."

అచ్యుతరామయ్య గారు దాచలేదు. "అవసరం లేకపోయిందమ్మా. ఆ ఊరు అడవికి ముంగిట ఉంది. గాలి అటు నుంచి ఇటు వీస్తుంది. వాళ్ళ భయమే అడవంతా కాపలా కాస్తోంది. మందు కొనక్కర్లేదు, జీతం ఇవ్వక్కర్లేదు. దానంతట అదే నడుస్తుంది."

"దాన్నే ఖర్చు లేకపోవడం అంటారా? ఆ ఊళ్ళో తల్లి బిడ్డని తాడుతో ఊపుతోందండీ!"

"నాకు తెలుసు," అన్నారు. "మా ఆవిడ కూడా పుట్టింటికి వెళ్ళిపోయింది. కానీ నీటిపిల్లులు ఎన్ని మిగిలాయో తెలుసా అమ్మా? మనుషులకేం, కోట్లమంది ఉన్నారు." ఆ మెత్తటి గొంతులో కోపం లేదు, కపటం లేదు. అందుకే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

"ఇది పట్టుకుంటే పోతుందా?"

ఆయన నన్ను పరీక్షగా చూశారు. మెల్లగా కుర్చీలోంచి లేచారు. గోడ దాకా వెనక్కి జరిగి, జేబులోంచి బిళ్ళలు తీసి తన ముక్కులో పెట్టుకున్నారు.

"ఆ ఊళ్ళో బిళ్ళలు తీశారా మీరు? ఎన్నాళ్ళు?" అన్నారు. వారం రోజులన్నాను. "పోతుందో లేదో తెలియదమ్మా. నాకైతే పోలేదు."

* * *

ఇంటి దాకా కారు నడుపుతూ, ఆయన ముసలి చాదస్తం కొద్దీ అన్నాడు, నాకేమీ కాలేదు అని నాకు నేనే నచ్చచెప్పుకున్నాను. దారిలో టీ కొట్టు దగ్గర దిగితే, బెంచీ మీద కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. టీ పోసే అతని చేతిలో గ్లాసు జారి పడింది. అప్పుడు అర్థమైంది. అయినా నమ్మబుద్ధి కాలేదు.

ఇంటి గేటు చప్పుడు వినగానే "అమ్మా!" అంటూ విరజ పరిగెత్తుకొచ్చింది. గుమ్మం దాటింది, మెట్లు దిగింది. నా దగ్గరికి ఇంకా కాస్త దూరం ఉందనగా ఆగిపోయింది. కళ్ళు పెద్దవయ్యాయి. ఆ చూపు నాకు తెలుసు. నూకరత్నం కొడుకు కళ్ళలో చూశాను. తరవాత అది వేసిన కేక వీధి చివరి దాకా వినబడింది. వెనక్కి పరిగెత్తి మంచం కిందకి దూరింది. జగదీశ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పాపం, పారిపోకుండా ఉండటానికి తలుపు గట్టిగా పట్టుకున్నాడు.

నేను మేడ మీద గదిలోకి మారాను. ట్రస్టు నుంచి ఒక జత బిళ్ళలు తెప్పించి జగదీశ్‌కి ఇచ్చాను. అతను అవి పెట్టుకుని అన్నం తెచ్చిపెడతాడు, పక్కన కూర్చుంటాడు. పిల్ల ముక్కుకి సరిపడేవి చేయించి పెట్టాం గానీ, లాభం లేకపోయింది. అప్పటికే దానికి నా మొహం అంటేనే భయం పట్టుకుంది. నా గొంతు వింటే మాత్రం నవ్వుతుంది. అందుకని పైనుంచి కిందకి ఫోన్లో కథలు చెబుతాను. వంగపండు చీర చుట్టుకుని వింటూ నిద్రపోతుంది. అందులో ఇంకా పాత అమ్మ ఉంది.

నివేదికలో అంతా రాశాను. చుక్క కూడా పెట్టలేదు. మా డైరెక్టరు ఫోన్ చేశాడు.

"నీ బాధ నాకు అర్థమైంది సుభాషిణీ. కానీ ఊళ్ళోవాళ్ళ భయానికి మన ఫారంలో గడి లేదు కదా? ట్రస్టు పెట్టిన ఖర్చే లెక్కలోకి వస్తుంది. ఉన్న గడులు నింపితే అయిదు చుక్కలు వస్తున్నాయి. నేనేం చేసేది?"

"గడి లేకపోతే గీయండి!" అని అరిచాను. అతను నొచ్చుకుని ఫోన్ పెట్టేశాడు. దాతల సభ ఖాయమైంది, అక్కడ లెక్క చదవాల్సింది నేనే. ఇంకా ఎన్నో అడవులు, ఒక్కో అడవి పక్కన ఒక్కో చినపాయలంక, ఒక్కో ఇంట్లో ఒక్కో తాడు కట్టిన ఉయ్యాల. నా కూతురు నాకు దక్కినా దక్కకపోయినా, ఇంకో తల్లికి ఈ గతి పట్టకూడదు. కాగితం మీద కనబడకపోతే కాగితం లేకుండానే చూపిస్తాను.

హైదరాబాదు దాకా ఒక్కదాన్నే కారు నడుపుకుంటూ వెళ్ళాను. పెద్ద హోటల్లో చల్లటి గది, కిటికీలు లేవు. తెర మీద నీటిపిల్లి కూనలు ఆడుకుంటున్నాయి. దాతలందరూ మురిసిపోతున్నారు. నేను లోపలికి వెళ్ళి, తలుపు వేసి, వాళ్ళ మధ్యలో ఉన్న కుర్చీలో కూర్చున్నాను. మూలన, అందరికీ దూరంగా, బిళ్ళలు పెట్టుకుని కూర్చున్న అచ్యుతరామయ్య గారు నన్ను చూసి తల దించుకున్నారు.

"లెక్క చదవండమ్మా," అన్నారు అధ్యక్షులు.

నేను ఏమీ చదవలేదు. ఊరికే కూర్చున్నాను.

మొదట ఒక ఆవిడ పైట బిగించి పట్టుకుంది. ఒకాయన టై వదులు చేసుకున్నాడు. ఎవరో మంచినీళ్ళ గ్లాసు పడేశారు. తరవాత కుర్చీలు తోసుకుంటూ, ఒకరినొకరు నెట్టుకుంటూ తలుపు మీద పడ్డారు. కోట్లకి పడగలెత్తిన మనుషులు, చెప్పుల్లేకుండా నడవలోకి పరిగెత్తారు. "ఇదండీ ఖర్చు!" అని వెనకనుంచి అరిచాను. "ఇందులో రోజూ బతకాలి. పసిపిల్లలతో సహా!"

ఆ పథకం అక్కడితో ఆగిపోయింది. అందరూ పారిపోయాక, మూలన అచ్యుతరామయ్య గారు తప్ప ఎవరూ లేని గదిలో కూర్చుని కడుపారా ఏడ్చాను, గెలిచాననే అనుకున్నాను. అప్పుడు గుమ్మంలో చప్పుడైంది. ఒక దాత తిరిగి వచ్చాడు. గనులున్న మనిషి. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు, ఒళ్ళంతా వణుకుతోంది. కళ్ళలో మాత్రం లెక్క నడుస్తోంది.

"అడవుల సంగతి వదిలేయండి మేడం," అన్నాడు. "మా గని చుట్టూ ఊళ్ళవాళ్ళు ఊరికే ధర్నాలకి దిగుతున్నారు. ఆ లంకలో మీలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారు? కంచె పక్కన ఇళ్ళు కట్టిస్తాం, బియ్యం ఇస్తాం. ఏడాదికి ఎంతవుతుంది?"

అచ్యుతరామయ్య గారు మూలనుంచి తలెత్తి నా వంక చూశారు. ఆయన మొహంలో నేను మొదటిసారి భయం చూశాను.

నేను కుర్చీలోంచి లేచి ఆ మనిషి మీదికి ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వెళ్ళాను. రుమాలు పారేసి పరిగెత్తాడు. కానీ అతను మళ్ళీ వస్తాడు. బిళ్ళలు పెట్టుకుని వస్తాడు. చినపాయలంక దారి ఎవరిని అడిగినా చెబుతారు. రేపే వెళ్ళి ధర్మారావు బాబాయ్‌తో చెప్పాలి, బియ్యం ఇస్తామని ఎవరొచ్చినా, కొత్త చొక్కాలిస్తామన్నా, ఊళ్ళోకి రానివ్వద్దని.

కారు దగ్గరికి వచ్చేసరికి ఫోన్ మోగింది. విరజ.

"అమ్మా, నేను పాలు ఒలకబోశాను. నాన్న చీర ఉతికేశాడు." ఏడుపు ఆపుకుంటోంది. వెనకాల జగదీశ్ గొంతు, "నాకు తట్టలేదు సుభా, మరకయిందని..." అంటున్నాడు.

"ఇప్పుడది అమ్మ కాదు," అంది విరజ. "నీ వాసన ఉన్న చీర ఇంకోటి పంపించవా?"

నా చెమటకి తడిసిన చీర కొంగు వంక చూసుకున్నాను. "పంపుతానమ్మా," అన్నాను. "కథ చెప్పనా?"